పెళ్లి వీడియోలో మాట ఎక్కడికి పోయింది?

పెళ్లి వీడియోలు తీసేవారి కోసం ఏర్పాటైన శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాసిన పాఠం.

మిత్రులందరికీ నమస్కారం. పెళ్లి వీడియోల్లో ఇప్పుడు నడుస్తున్న పోకడల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. పోకడ అనగానే మనలో చాలామందికి కొత్త కెమెరా, కొత్త లెన్స్, కొత్త ట్రాన్సిషన్ గుర్తుకు వస్తాయి. వాటి గురించీ మాట్లాడతాను. అయితే దానికి ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. మీరు చివరిగా ఎడిట్ చేసి ఇచ్చిన పెళ్లి వీడియోను ఒక్కసారి మనసులో నడిపించి చూడండి. అందులో పెళ్లికూతురి గొంతు ఎన్ని సెకన్లు వినిపిస్తుంది? పెళ్లికొడుకు గొంతు ఎన్ని సెకన్లు? వాళ్ల అమ్మానాన్నల గొంతు ఎన్ని సెకన్లు? చేతులెత్తనక్కర్లేదు, ఎవరికి వారు లెక్క పెట్టుకుంటే చాలు.

నాకు తెలిసిన ఎడిటర్లలో చాలామంది దగ్గర ఆ లెక్క సున్నా దగ్గరే ఆగిపోతుంది. నా దగ్గర కూడా చాలా ఏళ్లు అది సున్నాయే. ఈ రోజు నేను ఏ పోకడ గురించి మాట్లాడినా చివరికి ఆ సున్నా దగ్గరికే వస్తాను. అది అసలు ఎలా వచ్చిందో తెలిస్తే, ఇప్పటి పోకడల్లో దేన్ని పట్టుకోవాలో, దేన్ని చూసి వదిలేయాలో మనకు తేలిగ్గా తెలుస్తుంది.

క్యాసెట్ల కాలం మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. సోనీ హ్యాండీక్యామ్ 1985లో వచ్చింది. దానికి ముందూ, ఆ తర్వాత కూడా, భుజం మీద మోసే పెద్ద కెమెరాలతో పెళ్లిళ్లు తీసేవారు. ఆ వీడియోల్లో చిత్రం మసకగా ఉండేది, రంగులు ఒకదానిలోకి ఒకటి కారిపోయేవి, లైటు పడినచోట ముఖాలు తెల్లగా మాడిపోయేవి. ఇవన్నీ నిజమే. కానీ టేపు తిరుగుతూనే ఉండేది, దానితోపాటు కెమెరా మీది మైకు కూడా వింటూనే ఉండేది. ఎవరో ఎవరినో పిలవడం, పిల్లవాడు ఏడవడం, ఆలస్యంగా వచ్చిన చుట్టం క్షమించమనడం, కెమెరా ముందుకు వచ్చి ఒక పెద్దావిడ సిగ్గుపడుతూ రెండు ముక్కలు చెప్పడం, అన్నీ అందులోకి వచ్చేవి. బొమ్మ బాగుండేది కాదు, మాట మాత్రం ఉండేది.

తర్వాత 2008 సెప్టెంబరులో కానన్ సంస్థ 5డి మార్క్ 2 కెమెరాను ప్రకటించింది. మన వృత్తిని రెండుగా చీల్చిన కెమెరా అది. ఫొటోలు తీసే ఫుల్ ఫ్రేమ్ కెమెరా, పెద్ద సెన్సర్, వెనకాల ఉన్నదంతా మెత్తగా కరిగిపోయి ముఖం ఒక్కటే నిలబడే అందం, అదీ వీడియోలో. అప్పటి వరకు సినిమా వాళ్లకే సొంతమైన ఆ రూపం మన చేతికి అందేసరికి మనకు మతి పోయింది. అయితే ఆ కెమెరాలో రెండు లోపాలు ఉన్నాయి, వాటి ప్రభావం ఈ రోజుకీ మన ఎడిటింగు మీద ఉంది. మొదటిది, ఫైలు 4 గిగాబైట్లకు చేరగానే రికార్డింగు ఆగిపోయేది, అంటే హెచ్‌డీలో సుమారు 12 నిమిషాలు. రెండోది, దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రమే లేదు. ఏం రికార్డవుతోందో తీసేవాడికి వినిపించదు. ధ్వని స్థాయిని చేత్తో సరిచేసుకునే వీలు కూడా మొదట్లో లేదు, అది 2010 మార్చిలో, కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. వేడుక మొత్తాన్ని ఒకే బిగిన తీయలేని కెమెరా, తాను విన్నదాన్ని మనకు వినిపించలేని కెమెరా చేతికి వస్తే మనం ఏం చేస్తాం? చిన్న చిన్న ముక్కలుగా తీస్తాం, ఆ ముక్కల కింద ఒక పాట వేస్తాం. మనం చేసింది సరిగ్గా అదే. హైలైట్స్, అంటే ముఖ్యమైన ఘట్టాలను కూర్చిన చిన్న వీడియోలు, అంతకు ముందు అసలు లేవని నేను అనడం లేదు. కానీ పాట మీద నడిచే 4 నిమిషాల పెళ్లి సినిమా ప్రపంచమంతా వ్యాపించడానికి ఆ కాలపు పరికరాల లోపం పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. ఆ తర్వాత కెమెరాలు మారాయి, 2012లో వచ్చిన మార్క్ 3కి హెడ్‌ఫోన్ రంధ్రం వచ్చింది, ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు గంటల తరబడి ఆగకుండా తీస్తాయి. లోపం పోయింది, కానీ ఆ లోపం నేర్పిన అలవాటు మాత్రం మనలోనే ఉండిపోయింది.

ఆ అలవాటు నా చేత ఏం చేయించిందో మీకు చెప్పాలి. ఒక పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి మైకు దగ్గరికి వచ్చి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. రూళ్ల కాగితం, నీలి సిరాతో రాసుకున్నారు, మధ్యలో రెండు చోట్ల కొట్టివేతలు ఉన్నాయి. ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, నా దగ్గర 85 మిల్లీమీటర్ల లెన్స్ ఉంది, ఆ కాగితం మీదికి ఫోకస్ లాగాను. కాగితం అంచు వణుకుతోంది. చాలా అందమైన షాట్ అనుకున్నాను, ఇంకా అందంగా రావాలని సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టాను. ఆ మోడ్‌లో నా కెమెరా ధ్వనిని అసలు రికార్డు చేయదు. ఆయన మాట్లాడినంతసేపూ నేను అలాగే తీశాను. ఎడిటింగులో దాని కింద వయొలిన్ పెట్టాను, చూసినవారందరూ మెచ్చుకున్నారు.

ఆరేళ్ల తర్వాత ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. నాన్నగారు పోయారని, ఆ రోజు ఆయన ఏం చెప్పారో కంగారులో సరిగా వినలేదని, కాగితం కూడా ఎక్కడ పోయిందో తెలియదని, మీ దగ్గర ఉంటే పంపుతారా అని అడిగింది. హాలు చివర నిలబెట్టిన రెండో కెమెరాలో ఆ మాటలు దూరంగానైనా పడి ఉండాలి. కానీ వీడియో ఇచ్చేసిన కొన్ని నెలలకే ఆ ఫుటేజీని చెరిపేసి ఆ డిస్కును మరో పెళ్లికి వాడుకున్నాను. నా దగ్గర మిగిలింది ఆయన పెదవుల కదలిక ఒక్కటే. ఆ సంగతి ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

అప్పటి నుంచి నేను ఏ కొత్త పోకడను చూసినా ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను. ఇందులో ఆ కాగితం చదివిన గొంతుకు చోటు ఉందా?

ఈ ప్రశ్న పట్టుకుని ఇప్పటి పోకడల దగ్గరికి వద్దాం. డ్రోన్ గురించి, చెయ్యి కదిలినా కెమెరా ఊగకుండా పట్టే గింబల్ గురించి ఎక్కువ చెప్పను. డీజేఐ ఫాంటమ్ 2013లో వచ్చినప్పుడు ఆకాశం నుంచి తీసిన ఒక్క షాట్ చూసి జనం నోరెళ్లబెట్టేవారు, ఇప్పుడు 249 గ్రాముల డ్రోన్ అరచేతిలో ఇమిడిపోతోంది, ఆ షాట్ ప్రతి వీడియోలోనూ ఉంటోంది కాబట్టి దాని బలం తగ్గింది. స్థలం ఎక్కడో, ఎంత పెద్దదో చూపించడానికి ఒకటి రెండు షాట్లు చాలు. అనుమతులు తీసుకోండి, వేడుక జరుగుతున్నప్పుడు మాత్రం దాన్ని దింపేయండి. దాని రెక్కల మోత మనుషుల మాట మీద పడుతుంది, దాన్ని పూర్తిగా తుడిచివేయడం ఎడిటింగులో కూడా కష్టం.

నిలువు వీడియో దగ్గర కాస్త ఆగాలి. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ 2020లో వచ్చాయి, ఆ తర్వాత జంటలు అడిగే మొదటి ప్రశ్నే మారిపోయింది. వీడియో ఎప్పుడు వస్తుందని కాదు, ఈ రాత్రికి ఏమైనా వస్తుందా అని అడుగుతున్నారు. దీని కోసం ప్రత్యేకంగా ఫోన్‌తో తీసి, ఒక్క రోజులోనే ముక్కలు పంపించే కంటెంట్ క్రియేటర్ అనే కొత్త వృత్తే పుట్టింది. మనలో కొందరు వాళ్లను చూసి ముఖం చిట్లిస్తారు. అది తప్పని నా అభిప్రాయం. స్నేహితులకు మర్నాడే పంపుకోవాలనే కోరిక సహజమైనది, దాన్ని తీర్చేవారు కూడా శ్రమపడుతున్నారు. ముందే కూర్చుని ఎవరు ఎక్కడ నిలబడాలో మాట్లాడుకోకపోవడం వల్లే గొడవ వస్తుంది. ఫోన్ పట్టుకున్నవారు మన ఫ్రేములోకి వచ్చేస్తారు, మన గింబల్ వాళ్ల ఫ్రేములోకి వెళ్తుంది, పెళ్లి చూడటానికి వచ్చినవారికి మన వీపులు తప్ప ఏమీ కనిపించవు.

మీరే రెండూ ఇవ్వాల్సి వస్తే లెక్క తెలిసి ఉండాలి. 16:9 అడ్డం ఫ్రేములోంచి 9:16 నిలువు ముక్క కోస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. 4కే ఫ్రేమ్ 3840 పిక్సెళ్ల వెడల్పు, 2160 ఎత్తు అనుకుంటే, నిలువు ముక్కకు 1215 పిక్సెళ్ల వెడల్పు దక్కుతుంది. ఫోన్‌కు కావలసింది 1080 కాబట్టి నాణ్యతకు లోటు లేదు. కానీ ఇద్దరు మనుషులు కాస్త ఎడంగా నిలబడితే ఆ 1215లో ఇద్దరూ పట్టరు. అందుకే ఇప్పుడు సెన్సర్ మొత్తం ఎత్తును వాడుకునే ఓపెన్ గేట్ రికార్డింగు వైపు చాలామంది వెళ్తున్నారు, దానిలో అడ్డంగానూ నిలువుగానూ కోసుకోవడానికి చోటు ఎక్కువ దొరుకుతుంది. మంచి పద్ధతే. కాకపోతే ఫైళ్లు పెద్దవవుతాయి, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇక నన్ను బాగా ఆశ్చర్యపరిచిన పోకడ పాత ఫిల్ము తిరిగి రావడం. కొడాక్ సూపర్ 8 ఫిల్మును 1965లో ఇళ్లలో వాడుకునేవారి కోసం తెచ్చింది. ఒక క్యాట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్ము ఉంటుంది, సెకనుకు 18 ఫ్రేముల వేగంతో తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది, 24 ఫ్రేములతో తీస్తే రెండున్నర నిమిషాలే. తీసిన తర్వాత దాన్ని ల్యాబుకు పంపాలి, కడిగించాలి, స్కాన్ చేయించాలి. చేతిలో 4కే ఫోన్ ఉన్న పిల్లలు దీన్ని ఎందుకు అడుగుతున్నారు? పాత హ్యాండీక్యాములను కూడా ఎందుకు వెతికి తెచ్చుకుంటున్నారు? ఫ్యాషన్ అని కొట్టిపారేయకండి. రోజూ చూసే స్పష్టమైన బొమ్మ అందరి ఫోన్లలో ఒకేలా ఉంటుంది, అది పెళ్లిరోజుదైనా మరో రోజుదైనా తేడా తెలియదు. గింజలు గింజలుగా, అంచులు చెదిరిన బొమ్మ కనిపిస్తే మాత్రం ఇది జ్ఞాపకం అని మనసు వెంటనే గుర్తుపడుతుంది. పైగా ఒక క్యాట్రిడ్జ్‌లో 3 నిమిషాలే ఉన్నాయని తెలిసిన కెమెరామన్ మీట నొక్కే ముందు నిజంగా చూస్తాడు. అది నాకు చాలా నచ్చింది.

కానీ ఇక్కడ మళ్లీ మన సున్నా ఎదురవుతుంది. ఇప్పుడు దొరికే సూపర్ 8 ఫిల్ము మూగది, దాని మీద ధ్వని పడదు. చాలామంది దాని కింద కూడా పాట వేసి ఊరుకుంటున్నారు. నేను ఒకసారి పాట తీసేసి, అదే రోజు వేరే రికార్డరులో పట్టిన అత్త నవ్వును, వరండాలో పిల్లల అరుపులను, పెళ్లికొడుకు తన తమ్ముడితో అన్న ఒక మాటను ఆ ఫిల్ము కింద పెట్టి చూశాను. పెదవులకూ మాటకూ పొంతన లేదు, ఉండనక్కర్లేదు కూడా. ఆ ఇంటివాళ్లకు చూపించినప్పుడు వాళ్లు అంతసేపూ కదలకుండా కూర్చున్నారు. మీరూ చేసి చూడండి, దయచేసి చేసి చూడండి.

రంగుల విషయంలో రెండే మాటలు. నారింజ, ఆకుపచ్చ నీలం కలిపి ముఖాలను వింత రంగులోకి దింపే గ్రేడింగు తగ్గింది, చర్మం చర్మంలా కనిపించాలనే అభిరుచి పెరిగింది. తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా వెలిసినట్టుండే బొమ్మను రికార్డు చేసే పద్ధతిని లాగ్ అంటారు. లాగ్‌లో తీసేవారు 10 బిట్ రికార్డింగు వాడండి, ఎందుకంటే 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే 10 బిట్‌లో 1024 మెట్లు ఉంటాయి, 8 బిట్ లాగ్ ఫుటేజీ రంగులను గట్టిగా మారిస్తే గోడల మీద చారలు పడతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. డాక్యుమెంటరీ పద్ధతి అని అందరూ అంటున్నారు కదా, నిలబెట్టి నడిపించి తీయడం మానేసి, జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్టే పట్టుకోవడం. నా దృష్టిలో ఇప్పుడున్న పోకడల్లో ఇదే అన్నిటికంటే విలువైనది. కానీ ఎక్కువమంది దీన్ని కెమెరా పద్ధతిగా చూస్తున్నారు, చేతిలో పట్టుకుని కాస్త ఊపుతూ తీస్తే డాక్యుమెంటరీ అయిపోతుందని అనుకుంటున్నారు. అలా కాదు. డాక్యుమెంటరీకి వెన్నెముక మాట. మాట లేకపోతే అది ఊగుతున్న హైలైట్స్ మాత్రమే.

మాట పట్టుకోవడం ఎలా? పెళ్లికొడుకు జేబులో చిన్న రికార్డర్ పెట్టి, కాలర్ మైకును బట్ట లోపల అతికించండి. అతికించాక ఆయన్ను రెండు అడుగులు వేయమని, చెయ్యి ఎత్తమని, ఎవరినైనా కౌగిలించుకోమని చెప్పి మీరు హెడ్‌ఫోన్లో వినండి. నిలబడి ఉన్నప్పుడు వినిపించని బట్ట రాపిడి అప్పుడు వినిపిస్తుంది. మైకు చుట్టూ మెత్తని టేపు ముక్క వేసి మళ్లీ వినండి. ఈ రెండు నిమిషాల పని మొత్తం రోజును కాపాడుతుంది. వైర్‌లెస్ మైకు వాడేవారు ఒకటి గుర్తుంచుకోండి. చిన్న సెట్లలో చాలావరకు, ఫోన్ల వై-ఫై, బ్లూటూత్ కూడా వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి, జనమంతా జేబుల్లో ఫోన్లు పెట్టుకుని హాల్లోకి రాగానే ఆ దారి రద్దీ అవుతుంది, రిహార్సల్‌లో బాగా వచ్చిన మాట వేడుకలో తెగిపోతుంది. అందుకే ట్రాన్స్‌మిటర్ లోపలే రికార్డు చేసుకునే సెట్ తీసుకోండి.

32 బిట్ ఫ్లోట్ అనే ధ్వని రికార్డింగు పద్ధతి గురించి చాలామంది అడుగుతున్నారు. మామూలు రికార్డింగులో లెవెల్ ఎక్కువ పెడితే ఎవరైనా ఒక్కసారిగా గట్టిగా నవ్వినప్పుడు ధ్వని పగిలిపోతుంది, తక్కువ పెడితే గుసగుసలు అడుగున పడిపోతాయి. ఫ్లోట్ రికార్డింగులో ఆ పగులును తర్వాత ఎడిటింగులో దించుకోవచ్చు, పక్కన ధ్వని చూసుకునే మనిషి లేని మనలాంటివారికి అది నిజంగా వరం. అయితే మైకే తట్టుకోలేనంత శబ్దం దాని మీద పడితే ఏ ఫ్లోటూ కాపాడదు, స్పీకర్ ముందు నిలబడి మాట్లాడే మనిషిని పక్కకు జరపాల్సింది మీరే. ప్రసంగాల కోసం సౌండ్ సిస్టమ్ వాళ్ల మిక్సర్ నుంచి ఒక తీగ అడిగి తీసుకోండి, అది కాకుండా మైకు స్టాండు మీద మీ సొంత రికార్డర్ ఒకటి కట్టండి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. గది ధ్వనిని కూడా, ఎవరూ ఏమీ మాట్లాడనప్పటిది, ఒక నిమిషం పట్టుకోండి. రెండు మాటల మధ్య అతుకు కనిపించకుండా పోవాలంటే ఆ నిమిషమే అక్కరకు వస్తుంది.

ఇలా 8 గంటల మాట పట్టుకుంటే దాన్ని వినేది ఎవరు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇక్కడే కృత్రిమ మేధ మనకు నిజంగా పనికొస్తుంది. 2023 నుంచి ఎడిటింగు సాఫ్ట్‌వేర్లయిన ప్రీమియర్ ప్రోలోనూ, డావించి రిజాల్వ్‌లోనూ మాటలను అక్షరాలుగా మార్చి, ఆ అక్షరాలను బట్టి ఎడిట్ చేసుకునే సదుపాయం ఉంది. ఒక పేరు టైపు చేస్తే ఆ పేరు పలికిన చోటికల్లా టైమ్‌లైన్ మిమ్మల్ని తీసుకెళ్తుంది. పేర్లనూ యాసలనూ తప్పు రాస్తుంది, కాబట్టి చివరి మాట మీ చెవిదే కావాలి. వెనక మోతను తీసేసి గొంతును విడదీసే సాధనాలు కూడా వచ్చాయి. వాటిని సగం వరకే వాడండి. పూర్తిగా తిప్పితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, ఆ రోజు ఆ గదిలో ఉన్న గాలి కూడా పోతుంది.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. ఉన్న మాటను శుభ్రం చేయడం ఒకటి, లేని మాటను పుట్టించడం మరొకటి. ఒక మనిషి గొంతును అనుకరించే సాధనాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. నాకు ఫోన్ చేసిన ఆ అమ్మాయికి నేను అలాంటి గొంతుతో నాలుగు మంచి వాక్యాలు తయారు చేసి పంపి ఉండవచ్చా? ఎంతమాత్రం పంపకూడదు. ఆవిడ అడిగింది ఆ రోజు తండ్రి చెప్పిన మాట. అది పోయిందని ఒప్పుకోవడమే నేను చేయగలిగిన నిజాయితీ గల పని.

చివరగా, ఇచ్చే పద్ధతీ దాచే పద్ధతీ. హైలైట్స్ ఇవ్వండి, రీళ్లు ఇవ్వండి, కానీ వాటితోపాటు వేడుక మొత్తాన్ని, ప్రసంగాలన్నిటినీ పాటలు వేయకుండా, కోయకుండా ఒక పెద్ద ఫైలుగా ఇవ్వండి. పొడవైన వీడియో ఎవరూ చూడరని అంటారు. పెళ్లయిన మొదటి ఏడాది చూడరు, నిజమే. ఏళ్లు గడిచాక, అందులో ఉన్న మనుషుల్లో కొందరు లేకుండా పోయాక, అదే ఫైలు కోసం ఇల్లంతా వెతుకుతారు.

దాచడానికి లెక్క ఇది. సెకనుకు 100 మెగాబిట్ల రికార్డింగు గంటకు 45 గిగాబైట్లు తింటుంది. 8 గంటలు, 3 కెమెరాలు అంటే 1080 గిగాబైట్లు, టెరాబైటు దాటింది. తీసేటప్పుడు రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాయించండి. ఇంటికి వచ్చాక 3-2-1 పద్ధతి పాటించండి, అంటే 3 ప్రతులు, 2 రకాల నిల్వలు, వాటిలో 1 వేరే చోట. కెమెరాల ఫుటేజీని ఏళ్ల తరబడి దాచలేకపోతే ఒప్పందంలోనే ఎన్నాళ్లు దాస్తారో రాయండి, గడువు ముగిసే ముందు ఆ కుటుంబానికి ఒక ఫోన్ చేయండి. ధ్వని ఫైళ్లు మాత్రం అసలు చెరపకండి, వీడియోతో పోలిస్తే వాటి బరువు చాలా తక్కువ, రోజంతటి ధ్వని ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నవారు వాటిని ఈ ఏడాదే డిజిటల్‌లోకి మార్చుకోండి. క్యాసెట్లు ఆడించే కొత్త వీసీఆర్ల తయారీ 2016 జూలైతో ఆగిపోయింది, టేపు మిగిలినా దాన్ని ఆడించే యంత్రం దొరకడం ఏటేటా కష్టమవుతోంది.

మీ ప్రశ్నలు తీసుకునే ముందు 40 సెకన్లు మీకు ఒకటి వినిపిస్తాను. ఆ కుటుంబం అనుమతి తీసుకున్నాను. పోయినేడాది ఒక పెళ్లిలో, వేడుక మొదలవడానికి కాస్త ముందు, తలుపు అవతల ఒక తల్లీ కొడుకూ మాట్లాడుకున్న మాటలు, కొడుకు జేబులోని రికార్డరులో పడ్డాయి. అప్పుడు ఏ కెమెరా కూడా వాళ్ల వైపు లేదు, కాబట్టి తెర మీద ఏమీ రాదు. దయచేసి లైట్లు తగ్గించండి.